జీపు డ్రైవరు తెచ్చిన కబురు

వెంకటాపురం దాటి నల్లమలలో కాలు పెడితే మళ్లీ శ్రీశైలం దగ్గర పడేదాకా ఏ ఫోనూ పలకదు. ఆ సంగతి తెలియకుండా బయల్దేరే తెలివితక్కువోణ్ణేం కాదు నేను. అడవి మధ్యలో పెచ్చెర్వు కాడ, మాలేసి శ్రీశైలానికి నడిచే స్వాములకు అన్నం పెట్టే టెంటు ఉంది. దాని జీపు డ్రైవరు కూరగాయల కోసం రోజూ ఊళ్లోకొస్తాడు. అతని నంబరు సంపాదించి మా అన్నకిచ్చా. పెద్దమ్మకు ఏమన్నా అయితే ఇతనికి చెప్పు, అదే జీపెక్కి వచ్చేస్తానన్నా.

పెద్దమ్మ అప్పటికే జ్వరంతో మంచాన ఉంది. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే తన కొడుకైన మా అన్నతోపాటు నన్నూ పెంచింది ఆమే. పోయినేడు నాకు డెంగీ వచ్చి నరసరావుపేట ఆసుపత్రిలో పడుంటే, లేచి తిరిగితే శివమాల వేయించి మల్లన్న దగ్గరికి నడిపిస్తానని మొక్కుకుంది కూడా ఆమే. ఈ స్థితిలో నేను పోనని గొణిగితే, నా మొక్కు ఎగ్గొడతావేంట్రా అని తిట్టి మరీ పంపింది.

పొద్దంతా నడిచి, అరికాళ్లు బొబ్బలెక్కి, సాయంత్రానికి పెచ్చెర్వు చేరా. డ్రైవరే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. మా అన్న ఫోన్ చేశాడంట, ఇంటికాడ అంతా బాగుందంట, నిదానంగా నడవమన్నాడంట. హమ్మయ్య అనుకున్నా. సాంబారన్నం మారు పెట్టించుకుని తిని, ఒళ్లు తెలియకుండా పడుకున్నా. ఆ నిద్ర తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుద్ది నాకు.

మర్నాడు భీముని కొలను మెట్లెక్కి శ్రీశైలం దగ్గరి కైలాసద్వారం చేరాక ఫోను పలికింది. మిస్డ్ కాల్ ఒక్కటీ లేదు. అన్నకు చేస్తే ఎత్తలా. పనిలో ఉన్నాడేమోలే అనుకుని క్యూలో నిలబడి దర్శనం చేసుకున్నా, మాల తీశా. అప్పుడు చేశాడు. దర్శనం అయిందా అని అడిగాడు, మాల తీశావా అని అడిగాడు. రెండూ అయినయ్యని చెప్పాక ఏడ్చాడు.

పెద్దమ్మ ఆ పొద్దున పోయింది. మాలలో ఉండగా ఆ కబురు చెవినబడితే మైల, మాల తీసెయ్యాలి. అందుకని నాకు చెప్పలేదు. డ్రైవరుకు ఫోన్ చేసేనాటికే జ్వరం ముదిరింది, కానీ ఆమె ప్రాణంతోనే ఉంది, మాట్లాడుతానే ఉంది. ఆ జీపెక్కితే ఆమెను బతికుండగా చూసుకునేవాణ్ణి.

శివరాత్రి రద్దీలో బస్సులు పట్టుకుని వినుకొండ చేరేసరికి మా ఊళ్లో దహనం కూడా అయిపోయింది. బస్టాండులో బండితో నిలబడున్న అన్న మీద నలుగురూ చూస్తుండగా అరిచా. నంబరు ఎందుకిచ్చాననుకున్నావ్, అబద్ధం చెప్పడానికా అన్నా. వాడు నా సంచి తీసుకుని బండికి తగిలించాడు.

"అమ్మే వద్దందిరా. వాడి మొక్కు చెడగొట్టబాకండి అని ఒట్టేయించుకుంది."

"నా గురించి అడగనే లేదా?"

"అడక్కుండా ఉంటదా? తలుపు చప్పుడైనప్పుడల్లా వాడొచ్చాడా అనేది."

వాడి మీద కోపం చానావరకు తగ్గింది. వాడూ తల్లిని పోగొట్టుకున్నాడు. కానీ ఆ రెండు మాటల్లో ఏది వినాలో నన్నూ అడగాల్సింది. వద్దన్న మాట వాడు విన్నాడు. వాడొచ్చాడా అన్న మాట నేను వినేవాణ్ణి.