పది ప్రార్థనల ఆకునీళ్ళు

ఆళ్ళగడ్డ హన్నమ్మ చేపలకు వైద్యం చేసిందంటే నమ్మనివాళ్ళు నంద్యాలలో ఇంకా ఉన్నారు. వాళ్ళలో సగం మంది చదువుకున్నవాళ్ళు, మిగతా సగం ఆమె బంధువులు. నేను మాత్రం ఆమె నోటనే నాలుగైదుసార్లు విన్నాను. ప్రతిసారీ సంగతి అదే. ఆఫీసరును తిట్టే తిట్లు మాత్రం మారుతూ వచ్చినాయి.

ఎనభై మూడులో ఆళ్ళగడ్డ బయట, కాలువ పక్కన ఒక చేపపిల్లల కేంద్రం ఉండేది. కేంద్రమంటే నాలుగు గుంటలు, ఒక సిమెంటు తొట్టి, ఒక బోర్డు. మూడింటిలో బోర్డే బాగుండేది. హన్నమ్మ ఆడ దినకూలి. తవుడూ శెనక్కాయ చెక్కా కలిపి ముద్దలు చేసి చేపలకు వేసేది. అంతకుముందు ఇరవై ఏండ్లు చేలల్లో కలుపు తీసి నడుము అరగదీసుకున్న మనిషి. నిలబడి చేసే పని దొరికిందని రోజూ దేవునికి స్తోత్రం చెప్పుకునేది.

ఆ కేంద్రమంతా నడిచేది పదకొండు తల్లిచేపల మీద. తొలకరికి వాటికి సూదులేసి గుడ్లు పెట్టించి, పిల్లల్ని చెరువుల వాళ్ళకు ఇస్తారు. ఆ ఎండాకాలం కాలువ కట్టేసినారు. గుంటలో నీళ్ళు తగ్గి, తల్లిచేపల ఒంటి మీద ఎర్రటి పుండ్లు లేచినాయి, తోకలు చీలికలైనాయి. గురువారం గురువారం నంద్యాల నుంచి వచ్చే ఆఫీసరు చూసి, "ఇవి చస్తే ఈ కేంద్రం మూసేస్తారు. మీరంతా ఇండ్లకు పోవాల్సిందే" అన్నాడు. అని, పసుపుపచ్చ మందుగోళీలిచ్చి మేతలో కలపమని చెప్పి జీపెక్కినాడు. జబ్బు చేప మేత ముట్టదన్న ముక్క ఆయన చదివిన పుస్తకంలో లేదు కాబోలు. గోళీలు గుంట అడుగున హాయిగా పడుకున్నాయి.

హన్నమ్మకు తెలిసిన వైద్యం ఒక్కటే. వాళ్ళమ్మ గొర్రెల గిట్టల పుండ్లను వేపాకు, పసుపు, తెల్లగడ్డలు దంచి ఉడకేసిన నీళ్ళతో కడిగేది. గొర్రెకు పనిచేసింది చేపకెందుకు చేయదనుకుంది. ఆ నీళ్ళు చల్లార్చి తొట్టిలో పోసింది. కానీ చేపను ఎంతసేపు ఉంచాల? ఆడ గడియారం లేదు. ఉన్న ఒక్కటీ ఆఫీసరు చేతికుండి గురువారాలే వచ్చేది. అందుకని చర్చిలో నేర్చి నోటికొచ్చిన పరలోక ప్రార్థనతోనే కొలిచింది. ముందు చిన్న పిల్లచేపల మీద చూసింది. ఇరవై ప్రార్థనలకు ఒకటి చచ్చింది. పదిహేనుకు ఇంకొకటి తూలి వెల్లకిలా పడింది. పదికి మూడోది తోకతో ఆమె మొగాన నీళ్ళు కొట్టి పోయింది. సరే, పది అని తేల్చుకుంది. ఇదే పనికి పట్నాల్లో పెద్ద పెద్ద గదులూ తెల్లకోట్లూ కావాలట.

రోజు మార్చి రోజు తల్లిచేపలను వలతో పట్టి, ఒక్కొక్కదాన్నే పది ప్రార్థనలసేపు ముంచి మంచినీళ్ళలో వదిలింది. రెండు వారాలకు పుండ్లు మానుకొచ్చినాయి. చేపలు మేతకు నోరు తెరిచినాయి.

ఈ సంగతి ముందు ఉపదేశి ప్రభుదాసుకు తెలిసింది. ఆదివారం చర్చిలో లేచి, మన హన్నమ్మ ప్రార్థనకు చేపలు స్వస్థపడినాయని సాక్ష్యం చెప్పేసినాడు.

"ఉపదేశయ్యా, ఆకు గూడా ఉంది" అంది హన్నమ్మ వెనక నుంచి.

"ఆకుదేముందమ్మా! అల్పవిశ్వాసం పనికిరాదు. కూర్చో."

తర్వాత ఆఫీసరుకు తెలిసింది. ఆయన కాగితం తీసి రాసుకున్నాడు.

"ఆకు ఎంత?"

"గంపెడు."

"పసుపు?"

"గుప్పెడు."

"ఎంతసేపు?"

"పది ప్రార్థనలు సారూ."

కలం ఆగింది. "ఇది సర్కారు కాగితమమ్మా. ఇందులో దేవుణ్ణి కలపకూడదు."

"దేవుణ్ణి యాడ కలిపినా సారూ? ఆకు కలిపినా. పది దాటితే..."

"చాల్లే నీ మూఢనమ్మకం" అని ఆ ముక్క కొట్టేసినాడు.

అట్లా ఒకాయన ఆకు తీసేసినాడు, ఇంకొకాయన ప్రార్థన తీసేసినాడు. హన్నమ్మకు మిగిలింది చేపలు.

మరుసటి గురువారం నంద్యాల నుంచి పెద్దాఫీసర్లను పిలిపించి, మన ఆఫీసరు తన ప్రయోగం చూపించినాడు. పదకొండు తల్లిచేపలనూ ఒకేసారి తొట్టిలో వేయించి, ఉపన్యాసం ఎత్తుకున్నాడు. మేతగంప దగ్గర నిలబడిన హన్నమ్మ పెదవులు కదులుతాండాయి.

"సారూ, పదైనాయి."

"ఉండమ్మా, మాట్లాడుతున్నా కదా."

పన్నెండో ప్రార్థనకు ఆయన దేశ పురోగతి దాకా వచ్చినాడు. పదమూడుకు ఒక బొచ్చె చేప పక్కకు ఒరిగింది. పద్నాలుగుకు హన్నమ్మ చీరతోనే తొట్టిలోకి దిగింది.

"ఏయ్! ఏందిది? బయటికి రా!"

"నువ్వు నిదానంగా మాట్లాడుకో సారూ. వాటికి అంత టైము లేదు."

ఒక్కొక్కదాన్నే చంకలో పెట్టుకుని పక్క గుంటలో వేసింది. పది ఈదినాయి. ఒరిగిన బొచ్చె చేప మాత్రం లేవలేదు.

పెద్దాఫీసరొకాయన తన గడియారం చూస్తా ఆమెతో పది ప్రార్థనలు చెప్పించినాడు. ఐదు నిమిషాలు. కాగితంలో ఐదు నిమిషాలు చేరింది, కింద మన ఆఫీసరు పేరు చేరింది. తొలకరికి పది చేపలూ గుడ్లు పెట్టినాయి. కేంద్రం మూయలేదు.

అప్పట్లో ఒకసారి ఆమె మేత కలుపుతాంటే, కాగితంలో పేరు లేదని బాధ లేదా అని అడిగినాను.

"పేరుతో ఏం చేసుకుంటా నాయనా? రోజూ మేత నేనే వేస్తాండా" అంది. గంప అంచు గీరుతా, "ఆ బొచ్చె చేపుందే, పదకొండింట్లో అన్నిటికంటే పెద్దది. పదికాడనే దిగాల్సింది నేను. కసురుతాడని సారు మొగం చూస్తా నిలబడిపోయినా" అంది.