పేరు చెరిపిన బిందె

పదేళ్ళు దాటింది. నా ఇంట్లో ఒక ఖాళీ బిందె ఉంది, దాని బరువు ఇన్నాళ్ళూ ఒక్కదాన్నే మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోడానికి ఎవరున్నారు గనక? ఆఫీసు వాళ్ళకి చెప్పాలంటే ముందు నేనెక్కడ పుట్టానో చెప్పాలి. మా వాళ్ళకి చెబితే మొహాన ఉమ్మేస్తారు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. తడబడతాను, కాస్త ఓపిక పట్టండి.

నేను పుట్టి పెరిగింది కలకత్తాలోనే, మునిసిపాలిటీ క్వార్టర్లలో. మా తాత, నాన్న, చుట్టుపక్కల వాళ్ళంతా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ ఊరి వీధులు ఊడ్చినవాళ్ళు. నేను చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది, అమ్మా నాన్నా పోయాక భవానీపూర్‌లో చిన్న ఫ్లాట్ అద్దెకి తీసుకున్నాను. క్వార్టర్లలో మా గది ఎలా ఉండేదంటే, కాలు చాపితే ట్రంకుపెట్టె, చెయ్యి చాపితే దండెం. అందుకేనేమో, ఖాళీ అంటే నాకు పిచ్చి పట్టుకుంది. తెల్లటి గోడలు, నేల మీద ఒక చాప, గదికి ఒకే ఒక్క పాత వస్తువు. ఆ ఒక్కటీ చూసినవాళ్ళు కళ్ళు తిప్పుకోలేనట్టు ఉండాలి. ఆదివారం వస్తే పాత సామాన్ల కొట్ల వెంట తిరిగేదాన్ని. ఎవరింటి కుర్చీయో, ఎవరి తాతగారి దీపమో తెచ్చుకుని, తుడిచి పెట్టి, ఎదురుగా కూర్చుని చూసుకునేదాన్ని. ఆఫీసువాళ్ళు వచ్చి ఎంత బావుందో అంటే పొంగిపోయేదాన్ని. వాళ్ళు వెళ్ళాక ఆ గదిలో నాకు ఏడుపొచ్చేది, అది వేరే సంగతి.

అలాంటి ఒక ఆదివారం, ఒక కొట్లో, విరిగిన కుట్టుమిషను పక్కన ఇత్తడి బిందె కనబడింది. మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. తెలుగు అక్షరాలు. మనవాళ్ళు చెంబు కొన్నా గిన్నె కొన్నా పేరు కొట్టించందే ఇంట్లో పెట్టరు కదా. కొట్టతనికి అదేదో పూలతీగలా ఉంది, చేతిపని దిదీ, అన్నాడు బెంగాలీలో. నేను చదివాను. నిజానికి చదవక్కర్లేదు. పక్కనే సొట్ట ఉంది. అది నా వల్ల పడిన సొట్టే.

మా పక్కగది నూకాలత్త కూతురూ నేనూ ఒక ఈడువాళ్ళం. ఆ పిల్ల పుట్టినప్పుడు వాళ్ళ అమ్మమ్మ తన మనవరాలి పేరు కొట్టించి ఊరి నుంచి తెచ్చిన బిందె అది. వీధి కొళాయికి నీళ్ళొచ్చే వేళకి ఇద్దరం చెరోపక్కా పట్టుకుని మోసేవాళ్ళం. ఒకసారి నేను నవ్వుతూ నవ్వుతూ వదిలేశాను. తిట్లు తను తింది, నా పేరు చెప్పలేదు. రెండో తరగతిలో ఉండగా జ్వరమొచ్చి పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. ఆ తర్వాత నూకాలత్త దాంట్లో నీళ్ళు పట్టడం మానేసింది. చింతపండుతో తోమి, పేరు బయటికి కనబడేలా గూట్లో పెట్టుకునేది. అత్తకి చదువు రాదు. తోమినప్పుడల్లా వేలితో ఆ చుక్కల్ని నిమిరేది.

కొట్లో నిలబడి నాకు నేను ఎన్ని చెప్పుకున్నానో. అత్తే అవసరం పడి అమ్ముకుందేమో. నేను కొనకపోతే ఇంకెవరో కొంటారు, కరిగించేస్తారు. నా దగ్గరుంటే మంచిదే కదా. అన్నీ సబబుగానే ఉన్నాయి చూడండి. కొన్నాను. అంతటితో ఆగితే మీకింత కథ చెప్పాల్సిన పని లేదు.

కొట్టతని చేతే ఆ అక్షరాలు అరగదీయించాను.

ఎందుకు? నున్నగా ఉంటే అందమనా? అదీ ఉంది. కాని అసలు సంగతి అది కాదు. ఎవరో వస్తారు, ఇదేం భాష అంటారు, ఎవరి పేరంటారు, మీ ఇంటిదా అంటారు, అలా అడుగుతూ పోతే చివరికి మా నాన్న చీపురు దాకా వస్తారు. అది నాకు సిగ్గు. సొట్ట కూడా తీసేస్తానన్నాడు కొట్టతను. వద్దన్నాను. సొట్ట ఉంటేనే పాతదని తెలుస్తుందని. పేరు తీయించి సొట్ట ఉంచుకున్న మనిషిని. రాస్తుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

బిందెని కిటికీ పక్కన పెట్టి ఎండిన రెల్లుపూలు వేశాను. ఫోటో తీసి అందరికీ పంపాను. కొద్ది రోజులకే నూకాలత్త వచ్చింది. బస్సు దిగి, ఇల్లు అడుక్కుంటూ. కుర్చీ చూపించినా నేల మీదే కూర్చుంది.

"మా బిందె పోనాదే అమ్మీ," అంది. "నాను డూటీకెల్నప్పుడు మావోడు పాత సామాన్లోడికి ఏసీసినాడు. నువ్వా కొట్లన్నీ తిరుగుతావంట గదా. ఎక్కడైనా అవుపడితే సెప్పవే."

"కొత్తది కొనిస్తాలే అత్తా," అన్నాను.

"కొత్తదేటి సేసుకోను? బిందె కోసవేటి నా ఏడుపు? దాని పేరుందే దాని మీద."

అప్పుడు చూసింది. లేవకుండానే జరిగి దగ్గరికెళ్ళింది. మెడ కింద వేళ్ళు పెట్టి చుట్టూ తడిమింది. మళ్ళీ తడిమింది. చెయ్యి కిందికి దిగి సొట్ట దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది.

"ఇలాటిదే," అంది చివరికి. "దీనికి పేరు నేదు. మాది కాదులే."

ఒక్క మాట చాలు అప్పుడు. అది అనకుండా లేచి టీ పెట్టాను. తాగింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నా తల నిమిరి, "ఒక్కదానివీ ఉంటన్నావు, జాగర్త అమ్మీ," అంది.

అత్తకి తెలిసిపోయిందా? తెలిసే, నా పరువు కాపాడి వెళ్ళిందా? తెలియలేదు అనుకుంటే, పాపం ఇంకా కొట్టుకొట్టుకీ వెళ్ళి అడుగుతున్నట్టే కళ్ళ ముందు కనబడేది, తెలిసింది అనుకుంటే ఆ చెయ్యి నా తల మీంచి తియ్యనే లేదనిపించేది. ఏది నిజమైతే నాకు నయమో ఇప్పటికీ తేల్చుకోలేదు. బిందెని సంచిలో పెట్టుకుని క్వార్టర్ల బస్సు ఎన్నిసార్లు ఎక్కానో. ప్రతిసారీ ఒక స్టాపు ముందే దిగిపోయాను.

మొన్న చలికాలంలో నూకాలత్త పోయింది. పెద్దకర్మకి వెళ్ళాను. వచ్చినవాళ్ళకి ఆమె పేరు కొట్టించిన స్టీలు గ్లాసులు పంచారు. నాకూ ఒకటిచ్చారు. తెచ్చి బిందె పక్కన పెట్టాను. బిందె మీద పేరు మళ్ళీ కొట్టిద్దామా అనుకున్నాను. ఇంకెవరు తడిమి చూస్తారని?

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి మీరు కాదు. నా పేరు చెప్పను, ఆ ధైర్యం నాకింకా రాలేదు. అరగదీయించిన పేరు మాత్రం చెబుతాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పైకి అనలేదు. ఇందాక గదిలో ఒక్కదాన్నే గట్టిగా అన్నాను, ఊపిరి కాస్త ఆడింది. బిందె మీద ఎలా ఉండేదో అలాగే రాస్తున్నాను.

చి. పైడితల్లికి అమ్మమ్మ.

నేను పైడీ అని పిలిచేదాన్ని.