పొయ్యి ఒక్కటే, లాగిన్లు రెండు

2023 వానాకాలం. సిరిసిల్లలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టి నాకు అప్పటికే చాలా ఏళ్లయింది. మా ఊళ్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఎక్కడ ఆడుతుంటే అక్కడ నూలు పీచు ఎగురుతుంది. అది సీపీయూలో దూరి ఫ్యాన్‌ను పట్టేస్తుంది. నా గిరాకీలో సగం ఆ పీచు పుణ్యమే. కాబట్టి రాజవ్వ ఫోన్ చేసి "కంప్యూటరు ఇల్లును ఆగం జేస్తున్నది, జల్ది రా" అంటే బ్రష్షు, బ్లోయరు సంచిలో వేసుకొని బయలుదేరాను.

రాజవ్వ ఇంటి వెనకే వాళ్ల సాంచాల కార్ఖానా. చీర అంచుల డిజైన్లను ఆమె ఇద్దరు కోడళ్లే కంప్యూటర్‌లో గీస్తారు. పెద్దకోడలు పద్మది కోరుట్ల, చిన్నకోడలు స్వప్నది జగిత్యాల. వాళ్లు పనిచేసే తీరు నాకు భలే ముచ్చటగా ఉండేది. సాంచె మీద పగటి మనిషి ఎక్కడ ఆపితే రాత్రి మనిషి అక్కడి నుంచే అందుకుంటాడు కదా, వీళ్లదీ అదే పద్ధతి. పద్మ సగం పువ్వు గీసి వంటకు లేస్తే, మిగతా రేకులు స్వప్న వచ్చి వేసేది. ఎవరు ఎక్కడ ఆపారో చెప్పుకునే పని కూడా ఉండేది కాదు.

గడప దాటగానే ఇది పీచు గోల కాదని తెలిసిపోయింది. పద్మ వంటింట్లో గిన్నెలు దబదబా పడేస్తోంది. స్వప్న కార్ఖానాలోంచి బయటకు రావడం లేదు.

"మొన్నటిదాంక ఒక్క కంచంల తిన్న యారాండ్లు కొడుకా" అంది రాజవ్వ. యారాండ్లంటే తోడికోడళ్లు. "గిప్పుడు మాట బందు. మా చిన్నోడు పొయ్యి ఒక్కటే ఉంచి కంప్యూటరును పంచిపోయిండు. రేపు పొయ్యి గూడ రెండైతదేమో. గదంత నా కండ్లతోని చూడాల్నా?"

నవ్వుతూనే అంది గానీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకూ మనసు చివుక్కుమంది.

చిన్నకొడుకు శ్రీను దుబాయిలో ఓ ఆఫీసులో పనిచేస్తాడు. సెలవు మీద వచ్చి, ఇంట్లో ఇద్దరూ ఒకే పేరుతో కంప్యూటర్ తెరవడం చూసి, ఇదేం పద్ధతి అనుకున్నాడట. వదినకో యూజర్ అకౌంట్, భార్యకో యూజర్ అకౌంట్ పెట్టి, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకు చెప్పి విమానమెక్కాడు. యూజర్ అకౌంట్ అంటే ఒకే కంప్యూటర్‌లో ఎవరి గది వాళ్లకు ఉండటం. ఒకరి గదిలో దాచింది ఇంకొకరికి కనబడదు. ఆఫీసుకు అది మంచి పద్ధతే. ఆ సంగతి వివరంగా చెప్పడం మాత్రం పెద్దమనిషి మరిచిపోయాడు.

"ఏమైంది చెల్లె?" అని ముందు పద్మను అడిగాను.

"నేనేమన్న అన్ననా అన్నా? చీరలు కొనే సేటుకు పంపే మామిడిపిందెల అంచు సగం ఏసి పెట్టిన. ఎప్పటి లెక్కనే తను అందుకుంటది గదా అనుకున్న. వారమాయె, ఒక్క గీత ముట్టలే. మొగడు దుబాయి నుంచి అచ్చిపోయిండని కాలు కింద పెడ్తలేదు."

అటునుంచి స్వప్న వచ్చేసింది. "ఏది, ఏడున్నది అంచు? నేను తెరిస్తే అంత ఉత్తదే ఉన్నది! అక్క పేరు మీద నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతున్నది. నాకు కనబడొద్దనే తాళమేసుకున్నది. నేనేమన్న ఎత్తుకపోతనా అన్నా?"

నాకు నవ్వాగలేదు. ఇద్దరూ నన్ను ఉరిమి చూశారు. ఆ చూపులో మాత్రం మంచి ఐకమత్యం కనిపించింది.

ఇద్దరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. పద్మను పాస్‌వర్డ్ కొట్టమన్నాను. సగం అంచు వచ్చింది. తర్వాత 'స్విచ్ యూజర్' నొక్కాను. అంటే ఒకరి పనిని అలాగే ఉంచి ఇంకొకరి గదిలోకి వెళ్లడం. స్వప్న తన పాస్‌వర్డ్ కొట్టింది. తెర ఖాళీ.

"తాళాలేసింది శ్రీను. మధ్యలో మీరెందుకు కొట్లాడుతున్నరు?" అన్నాను.

పద్మ ఆ ఖాళీ తెర వైపు వేలు చూపింది. "నీకు గిట్ల ఉత్తదే కనబడ్డదా చెల్లె? వారం రోజులు?"

"అయితే అంచు నాకోసమే ఉంచినవా అక్కా?"

"మరెవ్వలకోసం?"

ఇక అందరికీ తెరుచుకునే ఫోల్డర్ ఒకటి పెట్టి, డిజైన్లన్నీ అందులో వేసే పనిలో పడ్డాను. ఇంట్లో గదులెన్నున్నా వాకిలి ఒక్కటే ఉంటుంది కదా, ఇదీ అలాంటిదేనని చెబుతున్నాను. అంతలో రాజవ్వ తెర మీదికి వంగి చూసింది.

"పద్మ పేరున్నది, స్వప్న పేరున్నది. కార్ఖానా పెట్టిందాన్ని, నా పేరేది?"

ఆమె ఎన్నడూ మౌస్ ముట్టిన మనిషి కాదు. అయినా అడిగింది న్యాయమే అనిపించి 'రాజవ్వ' అని మూడో అకౌంట్ పెట్టాను. డిజైన్ల ఫోల్డర్‌ను అందులో ఎదురుగా కనబడేట్టు ఉంచాను.

"తాళమేయాల్నా అవ్వా?"

"నేనెప్పుడు ఇంట్లనే ఉంట గదా కొడుకా. తాళమెందుకు?"

స్వప్న అందులోనే కూర్చొని పిందెలు వేయడం మొదలుపెట్టింది. పద్మ వెనక నిలబడి "తొడిమ ఇంకింత వంచు" అంటూ భుజం మీద చెయ్యేసింది. ఆ పూట నాకు చాయ్ రెండుసార్లు వచ్చింది.

ఆ కేసు తర్వాత ఎవరైనా వేరు లాగిన్లు పెట్టమంటే, ఎంతమంది ఉన్నారని మాత్రమే అడిగి ఊరుకోను. ఎవరి పనిని ఎవరు అందుకుంటారో కూడా అడిగాకే కీబోర్డు ముడతాను. పాస్‌వర్డ్ పెట్టడం ఎంతసేపు? తాళం ఎందుకు పడిందో ఇంట్లోవాళ్లకు చెప్పడమే అసలు పని.

చలికాలంలో నిజంగానే పీచు దులపడానికి వాళ్లింటికి వెళ్లాను. తెర మీద మూడు పేర్లున్నాయి. పద్మ తన పేరు దాటి, స్వప్న పేరు దాటి, రాజవ్వ పేరు మీద నొక్కింది.

"చిన్నోడు ఫోన్ల అడిగిండు" అంది రాజవ్వ ముసిముసిగా నవ్వుతూ. "అమ్మా, పొద్దంత నీ పేరు మీదనే పని నడుస్తదట గదా, కంప్యూటరు ఎప్పుడు నేర్చుకున్నవే అని. ఇద్దరు కోడండ్లకు నేనే నేర్పుతున్న బిడ్డా అన్న!"