మాల మెడలో ఉన్నన్నాళ్ళు

కార్తీకం వస్తే వరహాలమ్మకు మొగుడు దొరుకుతాడు. శబరిమల వెళ్ళొచ్చాక మళ్ళీ పోతాడు. పెళ్ళయిన కొత్తలో మొదలైన వరస ఇది.

నాగబాబు రాయ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ళ నాన్న ఆ ఉద్యోగం కోసమే పలాస నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. డ్యూటీ దిగాక భట్టీలో, అంటే ఇక్కడి సారా దుకాణంలో, ఆగకుండా నాగబాబు ఇల్లు చేరిన రోజు లేదు. అదే మనిషి అయ్యప్ప మాల వేసుకుంటే చుక్క ముట్టడు. తెల్లారకముందే చన్నీళ్ళు పోసుకుంటాడు, చాప మీద పడుకుంటాడు, పెళ్ళాన్ని "మాతా" అని పిలుస్తాడు. కాలనీలో తెలుగువాళ్ళంతా వచ్చి ఆయన కాళ్ళకి దణ్ణం పెడతారు. మొన్నటిదాకా మురిక్కాలవలో ఉన్న కాళ్ళే అవి. లోకానికి కళ్ళు లేక కాదు, నల్లబట్ట కనబడగానే మూసుకుంటుంది.

"మాలేత్తే మానేత్తున్నానా లేదా? మరి నాను తాగుబోతునేటి?" అనేవాడు నాగబాబు. ఆ మాట వింటూనే కాపురమంతా నెట్టుకొచ్చింది వరహాలమ్మ.

ఆ ఏడు దసరాకి ఆయన నెత్తురు కక్కుకున్నాడు. ఇంకొన్నాళ్ళు తాగితే మనిషి దక్కడని డాక్టరు చెప్పేశాడు. దేవేంద్ర నగర్‌లో తాగుడు మానినవాళ్ళు ఆదివారాలు కలుసుకుంటారట, అక్కడికి తీసుకెళ్ళమన్నాడు. మాల మెడలో ఉండగానే తీసుకెళ్ళాలి అనుకుంది వరహాలమ్మ. తీశాక ఆయన ఎవరి మాటా వినడు.

తెలిసిన తెలుగువాళ్ళని అడిగితే పరువు పోతుంది. అందుకని ఒక్కతే దేవేంద్ర నగర్ వెళ్ళి అక్కడి టీ కొట్టువాడిని హిందీలో, గొంతు తగ్గించి అడిగింది. వాడు మాత్రం గొంతు తగ్గించలేదు. "దారూ ఛోడ్నేవాలే? స్కూల్ కే పీఛే" అని వీధంతా వినబడేలా చెప్పాడు. తల దించుకునే వెళ్ళి బడి వెనక గది చూసుకుని వచ్చింది.

ఆ ఆదివారం ఇద్దరూ వెళ్ళారు. మీటింగు నడిపే యోగేష్ కుర్చీలు చూపించాడు. ఇంటివాళ్ళు కూడా కూర్చోవచ్చన్నాడు. ఒక్కొక్కరే లేచి పేరు చెప్పి, "మైఁ శరాబీ హూఁ", నేను తాగుబోతుని, అంటున్నారు. నాగబాబు వంతు వచ్చింది. నల్లపంచె సర్దుకుని లేచాడు. వరహాలమ్మ చీర కొంగు గట్టిగా పట్టుకుంది. ఒక్క మాట. అది అంటే చాలు.

"మాల మీద ఆ మాట అనకూడదు. తీశాక వచ్చి అంటాను" అని హిందీలో చెప్పి కూర్చున్నాడు.

బయటికి వచ్చాక నిలదీసింది. "తాగినప్పుడు లేని పాపం చెప్పినప్పుడొచ్చిందా సామీ?"

"తాగినప్పుడు మెడలో మాల లేదు కదా మాతా."

ఒళ్ళు మండిపోయింది ఆమెకి. అయినా ఓ దారి వెతికింది. శబరిమల నుంచి ఆదివారమే తిరిగొస్తున్నారు. స్టేషన్ నుంచి నేరుగా ఆ గదికి తీసుకెళ్ళాలి, గుమ్మం దగ్గర గురుస్వామి బంగారయ్య మాల తియ్యాలి, మరుక్షణం లోపలికెళ్ళి నాగబాబు ఆ మాట అనాలి. బంగారయ్య సరేనన్నాడు. నాగబాబూ తలూపాడు.

రైలొచ్చింది. ముందు బంగారయ్య దిగాడు. ఆమె మొహం చూడలేకపోయాడు.

"గోందియా స్టేషన్ రాకముందే మాల తీసెయ్యమని గొడవెట్టాడమ్మా. యాత్రయిపోయింది కదా అని తీసేశాను. ఆ స్టేషన్లో దిగి, తాగి ఎక్కాడు, అంతే."

వెనక ఇద్దరు స్వాములు నాగబాబును చెరో రెక్కా పట్టుకుని దించారు. ఆ మనిషి ఆమెను చూసి నవ్వాడు. ఆ నవ్వుని ఆమె చచ్చేదాకా క్షమించదు.

ఆయన్ని వాళ్ళకే వదిలి, ఆటో ఎక్కి ఒక్కతే దేవేంద్ర నగర్ వెళ్ళింది. యోగేష్ ఏమీ అడగకుండా టీ ఇచ్చాడు. ఇంటివాళ్ళకి వేరే మీటింగు ఉంది, రండి దీదీ అన్నాడు. "నాకేటి జబ్బు?" అని కోపంగా లేచి వచ్చేసింది.

మళ్ళీ కార్తీకం వచ్చింది. బంగారయ్య మాల పట్టుకుని వచ్చాడు. వరహాలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ముందు ఆ గదికెళ్ళి ఆ మాట అననీండి. తర్వాతే మాల."

నాగబాబు మంచం మీద ఉన్నాడు. పొట్ట ఉబ్బింది. "మాలున్నన్నాళ్ళే కదే నాను మనిషిని. అదీ లేకుండా సేత్తావా?" అన్నాడు.

ఇప్పుడు ఒప్పుకుంటే ఆయన ఆ గదికి ఎన్నడూ వెళ్ళడని ఆమెకి తెలుసు. కానీ మాల ఉన్నన్నాళ్ళు ఆమెకి రాత్రి నిద్ర ఉంటుంది. వీధిలో తలెత్తుకు నడవడం ఉంటుంది. ఒంటి మీద దెబ్బ ఉండదు. కార్తీకం ఎప్పుడొస్తుందా అని ఏడాదంతా ఆమె కూడా భట్టీ తలుపు తెరవడానికి కాచుకున్న తాగుబోతులాగే ఎదురుచూసింది. యోగేష్ రమ్మన్నది ఈ జబ్బుకేనని అప్పుడు అర్థమైంది.

అర్థమయ్యాక కూడా పక్కకి జరిగింది. పెట్టె తెరిచి నల్లబట్టలు తీసి మంచం మీద పెట్టింది.

"లేవండి సామీ, తానానికి నీళ్ళు తోడేను" అంది.