గ్రహణం నాడు అమ్మ కోసిన మామిడికాయ

ఈ రోజు ఆవకాయకి ముక్కలు కొట్టడానికి అమ్మ కత్తిపీట ముందు కూర్చోగానే మా మేనత్త పాత పాట ఎత్తుకుంది.

"గ్రహణం నాడు కడుపుతో ఉండి మామిడికాయ కోశావు. అందుకే పిల్లాడికి ఎడమవైపు ఛాతీ కండ లేకుండా పోయింది. మళ్ళీ కత్తి పడతావేంటి వదినా?"

తమ్ముడు పుట్టినప్పటి నుంచి, పదిహేనేళ్ళుగా, అమ్మ ఈ మాట తలవంచుకునే వింటోంది. నేను నూజివీడు కాలేజీలో జువాలజీ చదువుతున్నాను, ఇక ఊరుకోలేకపోయాను.

"అత్తా, పక్కటెముకలూ ఛాతీ కండలూ రెండో నెలలోనే రూపు కడతాయి."

అమ్మ తలెత్తింది. "గ్రహణం నాటికి నాకు ఏడో నెల కదా!"

అత్త ఇంకేదో అనబోయింది. అమ్మ చిన్నరసం మామిడికాయని ఒక్క దెబ్బకి రెండు చేసింది.

వచ్చే గ్రహణం నాడు మామిడికాయ పప్పు వండుతానంటోంది. భోజనానికి ఎవరెవరు వస్తారో చెప్పండి.