ఇస్మాయిల్ తాత ముడుచుకున్న వేళ్లు

నరసరావుపేటలో ఇస్మాయిల్ తాత మాంసం కొట్టులో ఇప్పుడు కత్తి చప్పుడే వినిపిస్తుంది. ఒకప్పుడు భార్య రషీదా పక్కనే బల్ల మీద కూర్చుని మేక కాళ్లు శుభ్రం చేస్తుంటే, ఆయన నకరికల్లు రైతులతో గంటలకొద్దీ కబుర్లు చెప్పేవాడు. ఆమె పోయి ఐదేళ్లు. బల్ల అక్కడే ఉంది. ఎవరైనా కూర్చోబోతే తాత గబుక్కున సంచి తెచ్చి దాని మీద పెడతాడు.

ఆమె పోయిన మరుసటేడు ఆయన కుడి అరచేతిలో తాడులాంటి గట్టి పోగు లేచింది. మెల్లగా ఉంగరపు వేలు, చిటికెన వేలు లోపలికి వంగిపోయాయి. రషీదా ఉంటే మొదటి వారమే పట్టేసేది. చూసేవాళ్లు లేని ఇంట్లో దాచడం ఎంత పని? పండగ నమాజయ్యాక అందరూ చేతులు కలుపుకుంటుంటే ఈయన చెప్పులు వెతుకుతున్నట్టు వంగేవాడు. రెండు పండగలకే పొగరుబోతన్న పేరొచ్చింది. తర్వాత మసీదే మానేశాడు. ఇంట్లో సజ్దాలో నుదురు నేలకి ఆనినా అరచెయ్యి ఆనదు. చూసేది గోడ ఒక్కటే.

చివరికి ఓ రోజు చూడ్డానికొచ్చిన మనవరాలు, ఇంటర్ తప్పిన ఫరా, కనిపెట్టింది.

"ఏంది తాతా, టీ తాగేసినా గ్లాసు పట్టుకున్నట్టే ఉన్నావు?"

"పోవే. నరం కుంచించుకుపోయింది."

"డాక్టర్ దగ్గరికి పోదాం పా."

"పోతే కోస్తారు."

ఆ భయం ఊరికే రాలేదు. మేక కాలి వెనక తెల్లటి నరం లాగితే గిట్ట ముడుచుకుంటుంది. అది తెగితే ఎంత లాగినా కదలదు. నలభై ఏళ్లుగా చూస్తున్నాడు. తన వేళ్లూ అలాగైతే కత్తి పట్టలేడు. కొట్టు పోతే రోజుకి నాలుగు మాటలాడే మనుషులూ పోతారు.

ఫరా వదల్లేదు, ఆసుపత్రికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ ఆయన మణికట్టు లోపలికి వంచింది. వేళ్లు వంగినవి వంగినట్టే ఉన్నాయి.

"నరమైతే ఇప్పుడు వదులవ్వాలి. ఇది చర్మం కింది పొర. అరచేతి చర్మాన్ని లోపలికి పట్టి ఉంచుతుంది. అదుంది గనకే మీరు కత్తి పట్టినా చర్మం జారదు. ఇప్పుడది మందమై, ముడుచుకుని వేళ్లను లాగుతోంది. కోసి తీసేది ఆ పొరనే, నరాన్ని కాదు."

"సంయోజక కణజాలం!" అని అందుకుంది ఫరా. "నువ్వు నరమంటున్న స్నాయుబంధనమూ, ఎముకా, ఆఖరికి నెత్తురు కూడా ఆ జాతే తాతా. ఒంట్లో ఒకదాన్నొకటి కలిపి ఉంచేది అదే."

"ఇంత తెలిసి ఎట్టా తప్పావే?"

మర్నాడు కొట్టు తెరవకముందే తాత ఒక మేక కాలు తీసుకుని కీలు వంచాడు. నరం వదులైంది. తన మణికట్టు వంచాడు. వేళ్లు కదల్లేదు. తర్వాత తొడ కండ మీది తెల్లటి పొరను కత్తి మొనతో లేపాడు. కండకి గాటు పడకుండా ఊడొచ్చింది. ఇన్నేళ్లూ పిల్లులకి వేసింది దీన్నే. వెంటనే ఫరాకి ఫోన్ చేశాడు.

"ఆ డాక్టరమ్మ కత్తి పదునైందేనా?"

ఆపరేషనయ్యాక, కట్లు విప్పి, మూడు నెలలు వేళ్లు సాగదీస్తే ఉంగరపు వేలు తిన్నగా సాగింది. చిటికెన వేలు మాత్రం కాస్త మొండికేసింది. ఒక శుక్రవారం మసీదుకెళ్లాడు. సజ్దాలో అరచెయ్యి నేలకి చల్లగా తగిలింది. నమాజయ్యాక అలవాటుగా చెప్పుల కోసం వంగబోయి ఆగాడు. ఎవరూ చెయ్యి చాపలేదు. అప్పట్లో చాపి చాపి మానేశారు.

తాతే చెయ్యి చాపాడు. ఎదురుగా ఉన్న మెకానిక్ సాజిద్ ఆ చేతిని ఒకసారి, మొహాన్ని ఒకసారి చూసి పట్టుకున్నాడు.

షెడ్డు మళ్లీ తెరిచే వేళ దాటుతున్నా పాపం సాజిద్ చెయ్యి తాత వదల్లేదు.