రాజమల్లు వెనక్కి కట్టుకున్న చేతులు

నిన్న పొద్దున మా క్లినిక్ బండల మీద టక్ టక్‌మని చప్పుడైంది. ఎవరో ఎత్తుమడమల చెప్పులు వేసుకుని నడుస్తున్నట్టుంది. నేను లోపలి గదిలో చేతులు కడుక్కుంటున్నాను. తల ఎత్తకుండానే తెలిసింది, వచ్చింది కుక్క, దానికి జబ్బు ముదిరింది. కుక్క పాదం అడుగున మెత్తటి దిండు ఉంటుంది. అది నడిస్తే గోళ్లు గీసుకున్న సన్నటి చప్పుడు రావాలి గానీ, పాదమంతా చెక్కముక్కలా పలకకూడదు. అలా పలికిందంటే డిస్టెంపర్ అనే కుక్కల అంటుజబ్బు వచ్చి చాలా రోజులైందని అర్థం. మొదట కళ్ల వెంట నీళ్లు, దగ్గు. తర్వాత విరేచనాలు. పాదాలు, ముక్కు గట్టిపడతాయి. చివరికి మెదడుకు ఎక్కుతుంది. ఆ వైరస్‌ను చంపే మందు ఇప్పటికీ లేదు. పాదాలను బొటనవేలితో నొక్కి ఈ జబ్బును పసిగట్టే మనిషి ఒకాయన నా పక్కనే ఉండేవాడు. ఆయన పేరు రాజమల్లు. ఆయన్ను మీరెవరూ ఎరగరు, అందుకే రాస్తున్నాను.

నా మొదటి పోస్టింగు శ్రీరాంపూర్ పక్కన ఒక చిన్న పశువుల దవాఖాన. అప్పట్లో అది ఆదిలాబాద్ జిల్లా. మాది సిరిసిల్ల, బాపు మరమగ్గం మీద పనిచేసేవాడు. మా వాడకట్టులో డాక్టరు చదివిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ పొగరు నాకు కొంచెం ఎక్కువే ఉండేది, దాచుకోవడం ఎందుకు. దవాఖానలో నేను, కాంపౌండరు రాజమల్లు, ఇద్దరమే. ఆయనకు యాభై దాటింది. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఆయనతో పాటు రంగి అనే గోధుమరంగు ఆడకుక్క రోజూ ఆయన సైకిల్ వెనక పరుగెత్తుకుంటూ డ్యూటీకి వచ్చేది. ఆయన బీగం తీసేలోపు వరండాలో బల్ల కిందికి దూరి పడుకునేది. ఆ మనిషికి ఇంట్లో పలకరించే ప్రాణి అదొక్కటే.

మధ్యాహ్నం ఒంటిగంట దాటితే మా దవాఖానకు ఎవరూ వచ్చేవాళ్లు కాదు. నేను లోపల అన్నం డబ్బా తెరిచేదాన్ని, ఆయన వరండాలో తెరిచేవాడు. జొన్నరొట్టెను సగానికి తుంచి, "గిది నీది, గిది నాది. మల్ల కొట్లాడొద్దు" అని రంగికి పెట్టేవాడు. మా ఇద్దరి మధ్య తలుపు తీసే ఉండేది. ఆయన రొట్టె నమలడం కూడా నాకు వినపడేది. అద్దెగదిలో రాత్రంతా ఒక్కదాన్నే ఉండి వచ్చిన నాకు ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడాలని ప్రాణం కొట్టుకునేది. అయినా "ఇటు రండి, కలిసి తిందాం" అని ఒక్కరోజు కూడా అనలేదు. డాక్టరును కదా.

ఆయన పనితీరు ఒకటుండేది. వరండాలోకి ఏ కుక్క వచ్చినా ముందు తను గొంతుక్కూర్చునేవాడు. కుక్క చూపు ఆయన చూపు సమానమయ్యాక నెమ్మదిగా ముందుకాలు చేతిలోకి తీసుకునేవాడు. బొటనవేలితో పాదం అడుగున నొక్కేవాడు. నాలుగు కాళ్లూ అయ్యాక పొట్ట కింద వెంట్రుకలు పాయ తీసి పొక్కులున్నాయా అని చూసేవాడు. అంతవరకు నోరు విప్పేవాడు కాదు. "కాళ్లతోని ఏం ఎరుకైతది?" అని నేను వచ్చిన కొత్తలో ఒకసారి ఎగతాళిగానే అడిగాను. "కండ్లల్ల నీళ్లు దేనికన్న కారుతయి మేడం. దుమ్ముకు కారుతయి, పొగకు కారుతయి. కాలు గట్టివడుడు మాత్రం ఊకెనే కాదు," అన్నాడు. పుస్తకంలో నేను చదివిందే అది. చదివిన దానిని నేనింకా ఏ కాలి మీదా చూసి ఎరగను.

ఒకరోజు ఒకావిడ కుక్కపిల్లను చంకనేసుకుని వచ్చింది. నేను కుర్చీలో ఉన్నాను, మెడలో స్టెతస్కోపు ఉంది. ఆమె నా ముందు నుంచే నడిచి వరండా చివరికి పోయింది. "మల్లన్నా, నువ్వు జర చూడరాదే. గా పిల్ల డాక్టరమ్మకు ఏం తెలుస్తది," అంది. రాజమల్లు నవ్వి కూర్చుని కుక్కపిల్ల కాలు అందుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. బయట మరో నలుగురు ఉన్నారు. వాళ్లందరి ముందే, "నేను చూడకముందు మీరు పేషెంటును ముట్టుకోవద్దు. ఇక్కడ డాక్టరు ఎవరు?" అని అరిచాను. ఆయన కాలు వదిలేశాడు. మెల్లగా లేచి, "గట్లనే మేడం," అన్నాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. మర్నాటి నుంచి ఏ జంతువు వచ్చినా ఆయన నిలబడే తీరు అదే. నేను గెలిచాననుకున్నాను.

ఆ తర్వాత నెల తిరగకముందే ఓదెలు వచ్చాడు. బొగ్గుబాయిలో పనిచేస్తాడు, డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చినట్టున్నాడు, కనురెప్పల మీద నలుపు ఇంకా పోలేదు. తాడు కట్టి టైగర్ అనే కుక్కను తెచ్చాడు. దాని కళ్ల నుంచి నీళ్లు, ముక్కు మీద పొరలా ఎండిన మురికి, మధ్యమధ్య దగ్గు.

"పన్నెండు దినాలైతుంది మేడం. దుమ్మే అయి ఉంటది. మా ఇంట్ల అందరికి గిట్లనే ఉన్నది," అన్నాడు.

ఆ ఊళ్లో ఆ మాట కాదనడం కష్టం. ఉతికి ఆరేసిన చీర సాయంత్రానికి నల్లబడేది. పిల్లలూ పెద్దలూ దగ్గుతూనే ఉండేవాళ్లు, కళ్లు నులుముకుంటూనే ఉండేవాళ్లు. నాకూ అదే దగ్గు పట్టుకుని రెండు నెలలైంది. థర్మామీటరు పెట్టాను, జ్వరం లేదు. ఈ జబ్బులో జ్వరం ఒకసారి వచ్చి తగ్గి మళ్లీ వస్తుందని పరీక్షలో రాసిన దాన్నే, ఆ రోజు గుర్తు రాలేదు. "బొగ్గు దుమ్మే," అని కళ్లలో వేసే చుక్కలు రాసిచ్చాను. గోడ దగ్గర నుంచి రాజమల్లు, "మేడం, జర..." అన్నాడు. నేను తల తిప్పి చూశాను. ఎలా చూశానో నాకు తెలుసు. ఆయన నోరు మూసుకున్నాడు. ఓదెలు చీటీ మడిచి జేబులో పెట్టుకునేలోపు వరండాలో టైగర్ రంగి ముక్కుకు ముక్కు ఆనించింది. రెండూ ఒకే తొట్టిలో నీళ్లు తాగాయి. నేను చూస్తూనే ఉన్నాను.

పది రోజులకు ఓదెలు టైగర్‌ను ఆటోలో వేసుకుని వచ్చాడు. కుక్క దవడలు ఆగకుండా ఆడుతున్నాయి, నోటి నిండా నురగ. "పిచ్చి లేసిందని బస్తోళ్లు కట్టెలు వట్టుకొని వచ్చిండ్రు మేడం. కొట్టనియ్యలే. నువ్వే చెప్పు, పిచ్చేనా?" అని అడిగాడు. నేను అప్పుడు కూర్చున్నాను నేల మీద. చేతికి తొడుగులు వేసుకుని కాలు పట్టుకుని నొక్కాను. పాదం ఎండిన తోలులా ఉంది. పొట్ట మీద మానిన పొక్కుల మచ్చలున్నాయి. అది పిచ్చి కాదు, డిస్టెంపర్ అని ఓదెలుకు చెప్పాను. మొదటి రోజే నేను కనిపెట్టాల్సిందని మాత్రం చెప్పలేదు. టైగర్ ఆ సాయంత్రమే పోయింది. మర్నాడు పొద్దున రంగి సైకిల్ వెనక పరుగెత్తుకుంటూ రాలేదు. రాజమల్లు దాన్ని సైకిల్ ముందు కడ్డీ మీద దుప్పటిలో చుట్టి తెచ్చాడు. దాని కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

రంగికి ఆయన ఏటా రేబిస్ టీకా వేసేవాడు. డిస్టెంపర్ టీకా మా దవాఖానకు వచ్చేది కాదు, బయట కొనాలి, రంగికి అది పడలేదు. దాన్ని ఎలాగైనా బతికించాలని నేను పంతం పట్టాను. వైరస్‌కు మందు లేదు గానీ, దాని వెనకే వచ్చే న్యుమోనియాకు ఉంది, ఒంట్లో నీళ్లు పోకుండా సెలైన్ ఉంది. రోజూ సెలైన్ ఎక్కించాం, యాంటీబయాటిక్ సూదులిచ్చాం. గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి కళ్లూ ముక్కూ తుడిచేది ఆయనే. ఆవిరి పట్టించేది ఆయనే. సూది తీసేసిన సిరంజితో గంజి పోస్తూ, "తాగు బిడ్డా, ఫికర్ చెయ్యకు, మేడం ఉన్నది," అనేవాడు. ఆ మాట వినపడకుండా ఉండాలని నేను కావాలని సీసాలు చప్పుడు చేసేదాన్ని. ఆ రోజుల్లోనే మొదటిసారి నా డబ్బా తెచ్చుకుని వరండాలో ఆయన పక్కన కూర్చుని తిన్నాను. ఆయన కాస్త జరిగి చోటిచ్చాడు.

రెండో వారంలో జ్వరం దిగింది. రంగి లేచి నిలబడి ఒక రొట్టెముక్క తింది. రాజమల్లు నా వైపు చూసిన చూపుకు నాకు ఏడుపొచ్చింది, అంత సంతోషంగా ఉన్నాడు. నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు అది నడుస్తుంటే నేల మీద చప్పుడు తేడాగా వచ్చింది. "రాజమల్లు గారూ, మీరోసారి కాళ్లు చూడండి," అన్నాను. ఆయన కదల్లేదు. "మీరే చూడుండ్రి," అన్నాడు. చూశాను. పాదాలు గట్టిపడ్డాయని నా మొహం చూసే ఆయనకు అర్థమైంది. మర్నాటికి దవడలు ఆడటం మొదలైంది. మూర్ఛకు మందులిచ్చాం. గంట ఆగేది, మళ్లీ వచ్చేది. చివరికి ఆగకుండా వచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం ఆయనే అన్నాడు. "ఇగ చాలు మేడం. దానికి నేను ఎవలో సుత ఎరుకైతలేదు. సూది మీరే వెయ్యుండ్రి, నేను కాలు వడ్తా." ఎన్నో ఏళ్లుగా వేల పశువులకు నరం దొరికించిన చెయ్యి అది. రంగి కాలు పట్టుకుని నరం పైకి లేపి చూపించింది. నొప్పి తెలియకుండా ప్రాణం తీసే సూది నేను వేశాను. అయిపోయాక అక్కడే నేల మీద కూర్చుని చెప్పాను.

"ఆ రోజు టైగర్‌ను చూసి దుమ్మని చెప్పింది నేను. దాని నుంచే రంగికి అంటుకుంది. తప్పు నాది."

"నాకు ఎరుకే మేడం," అన్నాడు రంగి కళ్లు మూస్తూ. "గా దినమే నాకు అనుమానమైంది. చెప్తనని నోరు తెరిసిన. మీకు కోపం వస్తదని ఊకున్న. చెప్పకపోయిన కదా, నాది సుత గంతే తప్పు."

తిట్టినా బాగుండేది. నా తప్పులో సగం ఆయన మీద వేసుకున్నాడు, తన కుక్క చచ్చిపోయి పక్కన ఉండగా. ఎవరితో చెప్పుకోను అది? దవాఖాన వెనక గుంత తవ్వడానికి నేను పార అందుకుంటే, వద్దని తనే తవ్వాడు. సాయంత్రం ఖాళీ సైకిల్ నడిపించుకుంటూ పోయాడు. ఎక్కలేదు.

మర్నాడు టైముకే వచ్చాడు. మొదటి కేసు ఒక కుక్కే. "మీరు ముందు చూడండి, తర్వాత నేను చూస్తాను," అన్నాను. అందరి ముందు తిట్టినదాన్ని కదా, అందరికీ వినపడేలాగే అన్నాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, "మీరే చూడుండ్రి మేడం. నాకు చెయ్యి వస్తలేదు," అన్నాడు. కోపంతో అన్నా నాకు క్షమాపణ అడగడానికి దారి దొరికేది. మామూలుగా అన్నాడు. రిటైరయ్యేదాకా ఇంకో కుక్క కాలు నొక్కి చూడలేదు, ఇంకో కుక్కను పెంచలేదు. నేను చెప్పిన పని అంతా చేశాడు. మధ్యాహ్నం పక్కపక్కనే కూర్చుని తినేవాళ్లం. రొట్టెను మాత్రం సగానికి తుంచడం మానలేదు. రెండో సగం డబ్బాలోనే పెట్టి మూత పెట్టేవాడు. ఆ తర్వాత ఇచ్చోడలో చెల్లెలి ఇంటికి పోయాడు. ఒకసారి పోయి కలిశాను, చాయ్ తాగాం, వానల గురించి మాట్లాడుకున్నాం. ఆయన చనిపోయిన సంగతి నాకు నెల తర్వాత తెలిసింది.

ఇప్పుడు నా క్లినిక్‌లో సుజాత అని ఒక అసిస్టెంటు ఉంది. నోరు ఆగదు. నేను కుక్కను ముట్టుకోకముందే, యజమానుల ముందే, "మేడం, గిది గట్ల అనిపిస్తలేదు నాకు," అనేస్తుంది. నాకు కోపం రాదని అబద్ధం చెప్పను. ఇన్నేళ్లకు కూడా వస్తుంది, ఒళ్లంతా వేడెక్కుతుంది, ఇక్కడ డాక్టరు ఎవరు అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగి, "ఏమనిపిస్తుందో చెప్పు," అంటాను. ఆ రెండు మాటలు నేర్చుకోవడానికి ఒక కుక్క ప్రాణం పట్టింది. అది నా కుక్క కూడా కాదు.